సగం కోయతా

మహారాష్ట్రలో మా బీడ్ వైపు చెరకు కోతకు మనుషుల్ని ఒక్కొక్కరిగా కుదుర్చుకోరు. కోయతా అంటే చెరకు నరికే కత్తి, లెక్కలో మాత్రం మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక కోయతా. దసరా వెళ్లగానే కూలీల్ని కుదుర్చుకోవడానికి ఊరికి వచ్చే ముకాదం ఎంతమంది కూలీలున్నారని అడగడు, ఎన్ని కోయతాలున్నాయని అడుగుతాడు. అడ్వాన్సు మగాడి చేతిలో పెడతాడు, వేలిముద్రా మగాడిదే వేయించుకుంటాడు. ఆర్నెల్లు నడుం విరగ్గొట్టుకునేది మాత్రం ఇద్దరూ. ఆ ఇద్దరిలో ఒకరు చచ్చినా, పారిపోయినా మిగిలినవాళ్లు సగం కోయతా. బండికి ఒక్క ఎద్దును ఎవరు కడతారు? సగం కోయతాను కూడా ఎవరూ పనిలో పెట్టుకోరు.

ఆ ఏడు నేను సగం కోయతానయ్యాను. నా అంతట నేనే అయ్యాను. కిందటి సీజన్ చివర్లో, మోపు మధ్యలో దింపి నీళ్లు తాగానని నా మొగుడు బిభీషణ్ కత్తి వెనకవైపుతో నా ఎడమచేతి మీద కొట్టాడు. అంతకుముందు తిన్న దెబ్బలన్నీ మానిపోయాయి కాబట్టి నేనూ మరిచిపోతూ వచ్చాను. ఈసారి రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. రొట్టె చరిచిన ప్రతిసారీ గుర్తుచేసేవి. చీరలు మూటగట్టుకుని పుట్టింటికి వచ్చేశాను.

పుట్టింట్లో ఉన్నది మా ఆబా, అంటే మా నాన్న, మా చెల్లెలు ద్వారక. మా ఆబా పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. నేను రొట్టె చేసిన ప్రతిసారీ వచ్చి పిండి డబ్బాలోకి తొంగిచూసి మూత పెట్టి వెళ్లేవాడు. ద్వారకకు పదిహేనేళ్లు. నేనొచ్చానని సంబరపడ్డది అదొక్కతే. నా వేళ్లకు నూనె రాస్తూ, "అక్కా, ఇగ నువ్ పోకు. మనిద్దరం ఈడనే ఉందాం," అనేది.

ఉండాలంటే తినాలి. తినాలంటే సంపాదించాలి. నాకొచ్చిన పని ఒక్కటే. అందుకని బస్టాండు చాయ్ బండి దగ్గర నులకమంచం వేసుకుని కూర్చున్న ధోండిబా ముకాదం ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"సగం కోయతా నాకెందుకే?" అన్నాడు తంబాకు నలుపుకుంటూ. "సగం చెరకు నరికి, సగం నిలబెట్టి వస్తవా?"

చుట్టూ ఉన్న మగాళ్లు నవ్వారు. ఆ నవ్వుల్లోంచి ప్రయాగ మావశి ముందుకు వచ్చింది. మావశి అంటే పిన్ని, ఆమె ఊరందరికీ మావశే. మొగుడు పోయిన మనిషి. ఇన్నాళ్లూ కొడుకుతో కలిసి ఒక కోయతాగా వెళ్లేది. ఆ ఏడు కొడుక్కి పెళ్లయింది. కోడలు రాగానే మావశి మిగిలిపోయింది.

"ఆమె సగం, నేను సగం. కలిపి ఒకటి రాసుకో," అంది.

"మరి మీల మొగుడెవరు, పెళ్లామెవరు?" అన్నాడొకడు.

"రొట్టెలు చేసినోళ్లు పెళ్లాం. మేం వంతులేసుకుంటం. నువ్వెన్నడన్న వంతేసుకున్నవా?"

వాడి పక్కవాళ్లే వాడిని చూసి నవ్వారు. ధోండిబా మాత్రం నవ్వలేదు. "అడ్వాన్సు ఎవరి చేతుల పెట్టాలె? ఎవరి ముద్ర తీస్కోవాలె? మొగోడు లేడు. రేపు మీరు పారిపోతే నేనెవర్ని పట్కోవాలె?"

అప్పుడు నేనన్నాను: "అడ్వాన్సొద్దు, ముద్రొద్దు. కోత అయినంక మా కూలీ మా చేతుల పెట్టు. నడుమల పారిపోతే ఆ కూలీ నీకే మిగుల్తది గద."

తంబాకు నలిపే వేలు ఆగింది. అడ్వాన్సు వద్దన్న కూలీని అతను జన్మలో చూసి ఉండడు. లోపల లెక్క వేసుకున్నాడు, నచ్చింది. "నడుమ నడుమ వచ్చి చెయ్యి చాపొద్దు మరి. ఆఖర్నే."

"ఆఖర్నే," అన్నాను.

ఆ రోజు ఇంటికి నడిచివస్తుంటే నా తల కొంచెం పైకే ఉంది. నేను ఎవరికీ బాకీ లేను, ఎవరి వేలిముద్రకూ నేను కట్టుబడి లేను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

*

కృష్ణ ఒడ్డున, సాంగ్లీ వైపు చెరకు తోటల్లో దింపారు మమ్మల్ని. పొద్దు పొడవకముందే కత్తి పట్టాలి. నరకడం, ఆకు దూయడం, మోపు కట్టడం మాకు కొత్త కాదు. మోపు నెత్తిన పెట్టుకుని, వాల్చిన బల్ల మీదుగా ట్రాలీ పైకి ఎక్కడం దగ్గరే మా ప్రాణం పోయేది. కింది నుంచి నడిచేది ఆడది, పై వరసలకు వచ్చేసరికి అందుకునేది మగాడు. మాకు అందుకునేవాడు లేడు. మొదటి వారం నేను రెండుసార్లు బల్ల మీంచి జారాను. పక్క కోయతాల వాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు. "ఆడోళ్ల కోయతా దీపావళి దాక నిలవది," అని పందేలు కాసుకున్నారు. దీపావళి వచ్చింది, పోయింది. పందెం గెలిచినవాడి దగ్గర ప్రయాగ మావశి తన వాటా అడిగి మరీ తీసుకుంది. "నేను నిలబడ్డందుకే గదర నువ్ గెలిచింది," అంది.

చేతిలో పైసా లేకుండా అన్నాళ్లు ఎలా తిన్నారని అడుగుతారు. చెరకు కొసలు కూలీలవే. పాడిపశువులున్నవాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. బిభీషణ్ దగ్గర ఆ కట్టలు కట్టింది నేనే, అమ్మి తాగింది అతను. ఇప్పుడు కట్టిందీ మేమే, అమ్మిందీ మేమే. ఒక బర్రెల ఆసామి వచ్చి, "ఆడోళ్ల కట్టలు చిన్నగుంటయి, ధర తగ్గించు," అన్నాడు.

"తీస్కపోయి నీ బర్రెనడుగు," అంది మావశి. "చిన్నగుందని అది చెప్తే నేనే వచ్చి పైసలు వాపస్ ఇస్త."

ఆ పైసలతో జొన్నలు కొన్నాం, ఎండుమిర్చి కొన్నాం. ఒకరోజు నేను ఒక్కదాన్నే రోడ్డు పక్క హోటల్‌కి వెళ్లి, బల్ల మీద కూర్చుని చాయ్ తాగాను. సొంత పైసలతో, కూర్చుని. అంత తియ్యటి చాయ్ మళ్లీ తాగలేదు. ఇక నా బతుక్కి ఢోకా లేదనుకున్నాను.

*

చక్కెర ఫ్యాక్టరీ ఊళ్లో వారానికోసారి సంత జరుగుతుంది. చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక సంతనాడు కారం కొనడానికి వెళ్లి, గుంపులో ముందు నా చొక్కాను చూశాను. చెరకు ఆకు కోసుకుపోకుండా మేం చీర మీద మగాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాం. భుజం మీద ఎర్రగుడ్డ అతుకు నేను వేసుకున్నదే. బిభీషణ్ ఇంట్లో వదిలేసి వచ్చిన చొక్కా. అది తొడుక్కుని కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉన్నది మా ద్వారక. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో నల్లపూసలు.

అదే ముందు మాట్లాడింది. "అక్కా, ఈడ నిలబడకు. దాజీ చూస్తడు."

దాజీ అని అక్క మొగుణ్ని పిలుస్తారు. పుస్తె కట్టినవాడిని అది ఇంకా ఆ పిలుపుతోనే పిలుస్తోంది. కొళాయి దగ్గరున్న వాళ్ల గుడిసెల ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఎప్పుడే?"

"నువ్ పోయిన ఎనిమిది దినాలకు. దాజీ వాళ్ల ముకాదంని తోల్కొని ఇంటికొచ్చిండు. నా కోయతా ఇరిగింది, నీ బిడ్డనే ఇర్సింది, ఇప్పుడేం జేస్తవ్ అని ఆబాను అడిగిండు. అడ్వాన్సు అప్పటికే తాగేసిండట."

"ఆబా ఏమన్నడు?"

"న్యాయమే గద అన్నడు."

మా ఆబాను చెడ్డవాడని అనలేను. అప్పు ఎగ్గొట్టేవాడు కాదు, ఒకరి గట్టు జరిపేవాడు కాదు. ఇచ్చిన వస్తువు చెడిపోతే ఇంకోటి ఇవ్వాలన్నంత నిక్కచ్చి మనిషి. అందుకే అతనంటే నాకు బిభీషణ్ కంటే ఎక్కువ అసహ్యం.

*

మరునాడే మావశిని వెంటబెట్టుకుని బిభీషణ్ గుడిసెకు వెళ్లాను. కాలవకు అవతల వాళ్ల మకాం. తిడతాడనుకున్నాను, కత్తి తీస్తాడనుకున్నాను. అతను లేచి గోనెసంచి పరిచాడు.

"రా రాహీ, కూసో. ద్వారకా, మీ అక్కకు చాయ్ పెట్టు."

"చాయ్ కోసం రాలే. దాన్ని పంపు."

"పంపుత. నాకేమన్న పంతమా?" అన్నాడు, పక్కింటివాడికి నిచ్చెన అరువిచ్చినంత తేలిగ్గా. "నా కోయతాల ఒక సగం తక్కువైంది, మీ ఆబా సర్దిండు. నువ్వొచ్చి నీ జాగల నిలబడు. ఈ సాయంత్రమే దీన్ని బస్సెక్కిస్త, టికెట్ పైసలు గూడ నేనే పెడ్త."

"దాని ఈడెంతో తెల్సా? పోలీసోళ్లకు చెప్తే లోపలేస్తరు," అంది మావశి.

"చెప్పు మావశీ. పుస్తె కట్టినోన్ని నేను, కట్టిచ్చినోడు ఆబా. ముందుగాల ముసలోడు పోతడు లోపలికి. పోనీ రాహీ, నువ్ రానంటే ఇంకో తొవ్వ ఉన్నది. అడ్వాన్సుల సగం బాకీ కట్టి తీస్కపో. మా ముకాదంకు చేతులు గావాలె, లేకుంటే పైసలు గావాలె. ఎవరియైతేంది ఆయనకు?"

ద్వారక చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. ముఖం ఎత్తలేదు. పెదవి చిట్లి ఉంది. నేను చాయ్ ముట్టుకోలేదని బిభీషణ్ ఆ గ్లాసు తీసుకుని తనే తాగాడు.

అక్కడి నుంచి నేరుగా ధోండిబా దగ్గరికి పరుగెత్తాను. ఇప్పటిదాకా చేసిన కోత కూలీ ఇమ్మని అడిగాను. చెయ్యి చాపాను, కాళ్లూ పట్టుకున్నాను.

"ఆఖర్నే అన్నదెవరు?" అన్నాడు. కోపంగా అనలేదు, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు అన్నాడు. "అడ్వాన్సు తీస్కొని ఉంటే నీ పైసలు దసరకే నీ చేతుల ఉండు. నువ్వే వద్దంటివి. ఇప్పుడిస్తే నువ్ రేపు ఉంటవని నాకేం నమ్మకం?"

ఎవరికీ కట్టుబడి ఉండనని అంత గొప్పగా చెప్పుకున్నాను, ఇప్పుడు నా రెక్కల కష్టమే అతని పెట్టెలో బందీగా పడి ఉంది. అది విడిపించుకుంటే తప్ప ద్వారకను విడిపించలేను. విడిపించుకోవాలంటే కోత ఆఖరుకు రావాలి. తోటలు చూస్తే కనుచూపు మేర నిలబడే ఉన్నాయి.

*

చెరకు కొసలు మోసుకుపోయే వంకతో ద్వారక ఒక మధ్యాహ్నం మా గట్టు మీదికి వచ్చింది. ముందు పన్ను ఒకటి లేదు. మేం తింటున్న రొట్టె చేతిలో పెడితే నిలబడే తింది. తిన్నాక, నావైపు చూడకుండా, గొంతు తగ్గించి అంది:

"అక్కా, ఈ ఒక్క సీజన్‌కు నువ్వొస్తవా?"

కింద పడి ఉన్న చెరకు ఆకు ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"ఒక్క సీజనే. ఆఖర్న మల్ల పోదువు. నాకు చేతనైతలేదు. నువ్వైతే ఓర్చుకుంటవ్. నీకలవాటే గద."

అది కుట్రతో అన్నమాట కాదు. ఎత్తిపొడుపూ కాదు. బరువు మోయలేని పిల్ల, మోయగలిగిన పెద్దదాన్ని చెయ్యి వేయమని అడిగింది, అంతే. నా చేతిలో చెరకు ఆకు ఉంది. దాన్ని తాడులా పేనుతూ ఉన్నాను. పేనడం ఆపలేదు.

"ఆఖరు దాక ఓర్చుకో," అన్నాను. "పైసలు రాంగనే తీస్కపోత."

ద్వారక నా ముఖంలోకి చూసింది. "నువ్ గూడ ఓర్చుకోమనే అంటున్నవా?" అంది. కొసల కట్ట నెత్తిన పెట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయింది. మళ్లీ మా వైపు రాలేదు.

నేను వెళ్తే దాన్ని పంపుతాడన్న నమ్మకం లేదు. ఇద్దరినీ ఉంచుకుంటాడు, ఒక్కరి బాకీకి ఇద్దరి చేత నరికిస్తాడు. ఈ కారణం నేను చాలామందికి చెప్పాను, అది నిజమే. కాని ఆ పూట నా మనసులో ఉన్నది అది కాదు. నాకు వెళ్లాలని లేదు. నా తోడబుట్టిన పిల్ల నోట్లో పన్ను లేకుండా నా ముందు నిలబడి అడిగినా సరే, వెళ్లాలని లేదు. తప్పని నేను అనుకోవడం లేదు. ఒప్పని ఎవరి ముందూ వాదించను కూడా.

"పోతవా?" అంది ప్రయాగ మావశి.

"పోను."

"అయితే మోపు లేపు. ట్రాలీ నిలబడ్డది."

*

ఆ తర్వాత నేను మనిషిలా నరకలేదు, జ్వరం వచ్చిన గొడ్డులా నరికాను. మావశి తిట్టేది, "నువ్ జోరు జేస్తే సీజన్ జోరుగ అయిపోతదే?" అని. కాలవ అవతలి నుంచి అప్పుడప్పుడు కేకలు వినిపించేవి. అవి ద్వారకవి కావని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఎవరివో ఒకరివి. అక్కడ అన్ని గుడిసెల్లోంచీ వినిపిస్తాయి.

ఎండలు ముదిరాయి. తోటలు ఒక్కొక్కటే బోసిపోయాయి. ఫ్యాక్టరీ పొగ ఆగింది. ధోండిబా తన కోతలు తాను కోసుకుని, మిగిలింది మాట ప్రకారం మా చేతుల్లోనే పెట్టాడు. మావశిది మావశికి, నాది నాకు. నా కూలీ నా చేతికి రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ నోట్ల కట్ట ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి కాలవ అవతలి గుడిసె దాకా నా దగ్గర ఉంది. అంతసేపూ నేను ఉన్నదాన్నే.

బిభీషణ్ వాళ్ల ముకాదం ముందు లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయి, సరిగ్గా సరిపోయేటట్టు అడిగాడు మరి. "చూసినవా, నేనేమన్న అన్యాయం జేసిన్నా?" అన్నాడు. ద్వారక మూట తీసుకుని గుడిసెలోంచి బయటికి వచ్చింది.

"అంగీ ఇడ్సిపో," అన్నాడు దానితో. "వచ్చేదానికి పనికొస్తది."

అందరి ముందూ ద్వారక నా చొక్కా విప్పి, మడతపెట్టి, గుడిసె గుమ్మం మీద పెట్టింది. వచ్చేది ఎవరని నేను అడగలేదు. ఏ ఊళ్లోనో ఏ నిక్కచ్చి తండ్రి ఇంట్లోనో అప్పటికే ఎదుగుతూ ఉంటుంది. దాన్ని విడిపించడానికి నా దగ్గర ఇంకో సీజన్ కూలీ లేదు.

ఊళ్లకు వెళ్లే లారీలో సామాన్ల మీద కూర్చున్నాం. ద్వారక నా పక్కకు రాలేదు. ప్రయాగ మావశి మోకాలికి ఆనుకుని కూర్చుంది. నేను ఇచ్చిన నీళ్లు తాగలేదు, మావశి ఇచ్చినవి తాగింది. షోలాపూర్ దాటాక మొదటిసారి నోరు విప్పింది, మావశితోనే.

"మావశీ, వచ్చే సీజన్‌కు నన్ను నీ జతల పెట్టుకుంటవా?"

మావశి నావైపు చూసింది. "మీ అక్క నా జత గదనే."

"అక్కకు జతెందుకు? అక్క ఒక్కతే ఉండగల్గుతది."

లారీలో ఉన్నవాళ్లంతా కోతవాళ్లే. జత పోవడమంటే ఏమిటో అక్కడ తెలియనిది ఎవరికి? ద్వారకకూ తెలుసు. తెలిసే అడిగింది. ప్రయాగ మావశి మనసులో నా మీద ఎంత మమకారం ఉన్నా, ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయింది. నా మాట కోసం ఆగింది.

"పెట్టుకో మావశీ," అన్నాను. "మోపు గట్టిగ కడ్తది."

అప్పుడు ద్వారక తల తిప్పింది. "నా పైసలు నా చేతుల్నే పెట్టాలె," అంది.

"నీ చేతుల్నే."

"ఆబాకు గాదు."

"గాదు."

"నీకు గాదు."

"నాకు గాదు," అన్నాను.

అది మళ్లీ మావశి మోకాలి మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. బిభీషణ్ కొట్టినప్పుడూ, అతన్ని వదిలి వచ్చినప్పుడూ రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే సంతోషపడ్డాను కూడా. పదిహేనేళ్లకే అడగాల్సిన మాట అడిగింది, నాకు అది రావడానికి ఏడేళ్ల కాపురం పట్టింది.

"మరి నువ్వెవరితోని పోతవే?" అని మావశి మెల్లగా అడిగింది.

నాకు తెలియదని చెప్పాను.